మండని చుక్క

వసుమతికి కాలు ఒకచోట నిలవదు. హిమాయత్‌నగర్‌లో బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, నాంపల్లి దాకా నడిచే వచ్చేస్తుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి: లోహాల పరీక్షాశాలలో టైటానియం ముక్కల్ని అద్దంలా నునుపు చేసి, ఆసిడ్‌లో ముంచి, పది సెకండ్లు లెక్కపెట్టి తీయడం. అప్పుడే మైక్రోస్కోప్ కింద లోహం లోపలి అల్లిక కనబడుతుంది. రోజు మొత్తంలో ఆమె కుదురుగా ఉండేది ఆ పది సెకండ్లే. అందుకే ఆ పనంటే ఆమెకు ప్రాణం.

పెద్దసారు రామచందర్‌కు అది గిట్టదు. "ఆడపిల్లవు, గీ ఆసిడ్ పని నీకెందుకమ్మా? టైపు మిషన్ కాడ కూసో" అని రోజూ సణుగుడే. ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే. సంతకం కూడా ఎడమచేత్తోనే పెడతాడు.

1974 వేసవిలో ఒక శనివారం, ఒంటిగంటకు పని ముగించి గ్లౌజు విప్పితే చూపుడువేలి కొస తడిగా ఉంది. చెమటో, ఆసిడో తెలియలేదు. గాజును కూడా తినేస్తుందని ప్లాస్టిక్ గిన్నెలో ఉంచే ఆసిడ్ అది. పడగానే మండదు, గంటల తర్వాత లోపల మొదలవుతుంది. చెబితే ఇక టైపు మిషనే గతి. వేలు కడుక్కుని, నోరు మూసుకుని ఆబిడ్స్ వైపు నడిచింది.

చీరల దుకాణం ముందు ఆగి వేలు నొక్కి చూసుకుంది. ఏమీ లేదు. పోస్టాఫీసు దగ్గర మళ్లీ నొక్కింది. ఏమీ లేదు. ఇరానీ హోటల్లో తెప్పించుకున్న చాయ్ చల్లారిపోయింది. నొప్పి రాకుంటే బాగుండనుకుంది. మరుక్షణమే, వస్తే వచ్చి చావరాదా, ఈ ఎదురుచూపు నావల్ల కాదనుకుంది.

మూడింటికి గోరు కింద సూది దిగినట్టయింది. ఆ ఆసిడ్‌కు ఏ మందు వాడాలో తెలిసింది ఒక్క రామచందర్‌కే. నాంపల్లిలోని పరీక్షాశాలకు పరుగులాంటి నడకతో వెళ్లి, ఇంకా ఇంటికి పోని ఆయనకు వేలు చూపించింది.

"ఎప్పుడు పడ్డది?" అన్నాడాయన, కుర్చీలోంచి లేస్తూ.

"రెండు గంటలైంది సార్. టైపుకు పంపిస్తరని చెప్పలే."

తిట్లకోసం తల వంచుకుంది. ఆయన జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. రెండు వేళ్లకు కొసలు లేవు.

"నేను రెండు దినాలు చెప్పలే" అన్నాడు. "నడువ్, దవాఖానకు పోదాం."

గోరు పోయింది, వేలు దక్కింది. రెండు వారాలకు ఆమె తిరిగొచ్చేసరికి తన బల్లమీద కొత్త గ్లౌజులు రెండు జతలున్నాయి.

"నీళ్లు పోసి చూసినవా, చిల్లి గిట్ల ఉందేమో?" అన్నాడు రామచందర్, పక్కనే నిలబడి.

"చూసిన సార్" అని వసుమతి ముక్కను ఆసిడ్‌లో ముంచింది. ఈసారి పది దాకా ఇద్దరూ లెక్కపెట్టారు.