కారణం చెప్పనక్కర్లేదు

విన్కా టీచరు ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం పదకొండేళ్ళుగా వేలాడుతోంది. కినీసియాలజీలో, అంటే శరీర కదలికల శాస్త్రంలో, మాస్టర్స్ పట్టా కావాలంటే ఏమేం పూర్తి చెయ్యాలో అందులో ఉంది. పాఠాలు, పరీక్షలు, పరిశోధన అంశానికి ఆమోదం, ఎథిక్స్ కమిటీ అనుమతి, అన్నిటి మీదా ఎర్రగీత పడింది. ఈలోగా ఇద్దరు గైడులు రిటైరయ్యారు, ఒక మొగుడు వెళ్ళిపోయాడు, ఫ్రిజ్ కూడా ఒకసారి మారింది. కాగితం మాత్రం మారలేదు. థీసిస్ రాయడం, ముగ్గురు పరీక్షకుల ముందు దాన్ని నిలబెట్టుకోవడం, ఈ రెండే మిగిలాయి. ఏనుగు దూరి తోక చిక్కడమంటే ఇదే. ఈ ఏడాది దాటితే ఇక పొడిగించేది లేదని కాలేజీవాళ్ళు ఉత్తరం రాశారు.

ఆవిడ బడిలో ఆటల టీచరు. ఎప్పుడో స్టాఫ్ రూములో లెక్కల మేష్టారు, "బంతి విసరడానికి కూడా పట్టా కావాలా, విన్కా?" అని నవ్వాడు. ఆయన మర్చిపోయే ఉంటాడు. యాభై ఒకటో ఏట కూడా ఆవిడ మర్చిపోలేదు. ఆ పట్టాతో ఒరిగేది పెద్దగా లేదు. ఆ నవ్వు ఆయనకు తిరిగి ఇచ్చెయ్యాలి, అంతే.

థీసిస్ దేనిమీదంటే, స్ప్లిట్ అనే తమ సముద్రతీరపు ఊళ్ళో ముసలివాళ్ళు చీలమండల లోతు నీళ్ళలో ఆడే పిత్సిగిన్ అనే ఆట మీద. చిన్న బంతిని అరచేత్తో కొట్టుకుంటూ నీళ్ళలో పడకుండా చూడటమే ఆట. గెలుపోటములు లేవు గానీ గొడవలకు లోటు లేదు. అరవై దాటి డెబ్బై అయిదు లోపున్న పన్నెండుమంది కావాలి. గుండె వేగం చెప్పే పట్టీ ఛాతీకి కట్టుకుని ఒక్కొక్కరూ మూడు ఉదయాలు ఆడాలి. పదకొండుమంది అయితే చెల్లదు.

మొదటి రోజు తీరాన నిలబడి ఆవిడ అంగీకారపత్రం పైకి చదివింది. "పాల్గొనేవారు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తప్పుకోవచ్చు" అన్నచోట యాక్ష చెయ్యెత్తాడు. గుంపుకి పెద్ద ఆయనే, గాల్లోకి ఎగిరి నీళ్ళలో పడటంలో దిట్టా ఆయనే.

"అది మళ్ళీ చదువు, టీచరమ్మా."

చదివింది.

"ఎందుకని నువ్వు అడక్కూడదా?"

"అడక్కూడదు బాబాయ్. బతిమాలకూడదు కూడా. రూలు."

పన్నెండుమందీ మొహమొహాలు చూసుకున్నారు. నలభై, యాభై ఏళ్ళు కాపురాలు చేసిన మగాళ్ళు. ఇలాంటి కాగితం వాళ్ళ చేతిలో ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఇక చూడండి.

"బెపో బాబాయ్, పొట్ట లోపలికి బిగపట్టకండి, పట్టీ జారిపోతోంది."

"ఇంకొక్క మాటన్నావంటే తప్పుకుంటా!"

"యాక్ష బాబాయ్, ఎప్పుడూ ఆడేట్టే ఆడండి. ఒడ్డున ఆడపిల్లలు చూస్తున్నారని ఎగిరితే అంకెలు పాడైపోతాయి."

"తప్పుకోమంటావా?"

ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ఈలతో ఆడించిన మనిషి, ఈ ముసలి పిల్లల దగ్గర నోరు కట్టేసుకుంది. ఎలాగైతేనేం, సెప్టెంబరు ఆఖరు వారానికి పదకొండుమందివీ మూడేసి ఉదయాలూ అయ్యాయి. యాక్షకి ఒక్క ఉదయం మిగిలింది. శుక్రవారం పట్టీలు కాలేజీకి తిరిగి ఇచ్చెయ్యాలి.

సోమవారం నాడు, పుట్టినతేదీ సరిచూడాలి, అందరూ గుర్తింపు కార్డులు తెండి అని చెప్పింది. మంగళవారం పొద్దున యాక్ష పట్టీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నేను తప్పుకుంటున్నా."

"ఎందు..." అని విన్కా నాలిక కరుచుకుంది. ఈసారి ఆయన కళ్ళలో కొంటెతనం లేదు.

అడక్కూడదు, బతిమాలకూడదు. పక్క టేబులు దగ్గర కూర్చోకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. ఆయన రోజూ కూర్చునే కాఫీకొట్టుకి వెళ్ళి పక్కనే కూర్చుంది. చిన్న కప్పు కాఫీని గంటన్నర తాగింది.

"దక్షిణపు గాలి తిరిగినట్టుంది" అంది.

"ఆఁ, తిరిగింది" అన్నాడు యాక్ష, పేపరు వెనక నుంచి.

కొట్లో ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కించి కూర్చున్నారు. ఇంతలో చేపల సంచీతో ఆయన భార్య మారె రావడం చూసి యాక్ష గబగబా లోపలికి జారుకున్నాడు. మారె విన్కా ఎదురుగా కూలబడింది.

"కారణం ఆయన చెప్పక్కర్లేదు. నేనేమీ సంతకం పెట్టలేదుగా, నేను చెప్తా. ఆయనకి డెబ్బై తొమ్మిది. అయిదేళ్ళ బట్టీ డెబ్బై నాలుగులోనే ఉన్నాడు."

అంటే ఆయన ఆడిన రెండు ఉదయాలూ కూడా పనికిరావు. పదకొండేళ్ళు ఒక మనిషి అయిదేళ్ళ అబద్ధంలో కొట్టుకుపోయాయి. విన్కాకి ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చింది కూడా.

"ఊరుకో తల్లీ. నీ కాగితంలో మగాళ్ళే ఆడాలనుందా?"

"లేదు... కనీసం పదేళ్ళుగా ఆడుతుంటే చాలు."

"నాకు డెబ్బై ఒకటి. ముప్ఫై ఏళ్ళుగా ఆడుతున్నా, ఆ చివర మెట్ల దగ్గర, మా వీధి ఆడవాళ్ళతో. ఈ వేసవంతా నువ్వు మాకు వీపు తిప్పుకునే కూర్చున్నావు."

విన్కా సిగ్గుతో చచ్చిపోయింది. మర్నాడు పొద్దున్నే పట్టీ మారెకి కట్టింది.

బుధ, గురు, శుక్ర. మారె యాక్ష చోట్లో నిలబడింది. ఎగరలేదు, దూకలేదు. ఒక అడుగు, ఒక అరచెయ్యి, బంతి మళ్ళీ గాల్లో. చుట్టూ ఉన్న మగాళ్ళు బోర్లా పడుతూ లేస్తూ రొప్పుతుంటే ఆవిడ బెపోకి వంకాయలు ఎక్కడ లేతగా దొరుకుతాయో చెబుతోంది. ఒడ్డున యాక్ష మూడు రోజులూ పేపరు తలకిందులుగా పట్టుకు కూర్చున్నాడు.

నవంబరులో థీసిస్ మౌఖిక పరీక్షకి గుంపంతా కోట్లు తొడుక్కుని వచ్చింది. విన్కా పిలిచింది గనక లెక్కల మేష్టారూ వచ్చాడు. పరీక్షకులలో పెద్దావిడ, "పన్నెండో వ్యక్తి గుండె ఇంత నిదానంగా ఉందేం?" అని అడిగింది.

"ఆ మనిషి ఎవరో చూడాలని ఆడరండీ" అంది విన్కా.

పేర్లు చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. రెండో వరసలో మారె తలగుడ్డ సర్దుకుంది. అరగంట తర్వాత పట్టా ఇస్తున్నామని ప్రకటించారు. అందరికన్నా ముందు లెక్కల మేష్టారే చప్పట్లు కొట్టాడు. విన్కా ఆయనకేసి చూసి నవ్వింది, పదకొండేళ్ళు దాచుకున్న నవ్వు.

చప్పట్ల మధ్య యాక్ష గడియారం చూసుకున్నాడు.

"మారె, ఒంటిగంటయింది. పద, ఇంటికెళ్ళి వంట చూడు."

"వంట నుంచి తప్పుకున్నా" అంది మారె.

"తప్పుకోవడమేంటే! ఎందుకూ?"

హాలంతా విన్కా వైపు తిరిగింది. విన్కా మెళ్ళో ఈల లేదు గానీ గొంతు మాత్రం బళ్ళోదే.

"అడక్కూడదు, బాబాయ్. రూలు."