రాకడ కోసం అక్కను ఇంటికి తెచ్చుకున్నాం

యుద్ధం జరుగుతున్న రోజుల్లో మా నాయన కుప్పంలో ఉపవాస ప్రార్థన కూటాలకు వెళ్లొచ్చాడు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చాక మాత్రం రంపం, బాడిశ మూలన పెట్టేశాడు. నాయన వడ్రంగి. ఎవరిదో బండిచక్రం సగంలో ఉండిపోయింది. యుద్ధం, కరువు, రేషను అంగడి ముందు తోపులాట, అన్నీ లోకాంతానికి గురుతులేననీ, ఈ రాగికోతల లోపే ప్రభువు వచ్చేస్తాడనీ కూటాల్లో చెప్పారట. పుంగనూరులో మా పేటంతా సిద్ధపడింది. అమ్మ అందరి తెల్లబట్టలూ ఉడకేసి ఉతికింది. నాకూ ప్రభువును చూడాలనే ఉండేది, ఎందుకుండదు? నా బాధంతా అక్క గురించే.

అక్క మదనపల్లెలో ఉంది. ఊపిరితిత్తుల జబ్బు. ఎంతో తిరిగితే మిషను ఆసుపత్రిలో మంచం దొరికింది. దగ్గితే నెత్తురు పడడం ఆగి, అప్పుడప్పుడే మొహం తేటపడుతోంది.

"ప్రభువు రాకడ యాళకు బిడ్డ ఆడ, మనం ఈడ ఉంటే ఎట్లమ్మే? ఇంటిల్లిపాదీ ఒక్క చోట ఉండాల. పోయి పిల్సుకొని వస్తాం పద," అన్నాడు నాయన.

"ప్రభువుకు మదనపల్లె దోవ తెలీదా నాయనా?"

"నీకు నోరు జాస్తయింది."

"అంతా నీ పోలికే," అంది అమ్మ బట్టలు మడతపెడుతూ. వద్దని మాత్రం ఆమె కూడా అనలేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ నాయనకు నిదానంగానే చెప్పింది. "ఇప్పుడు తీసకపోతే ఈ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామప్పా. మళ్లీ కావాలంటే యాడ తెచ్చేది?"

"మళ్లీ అక్కర పడదులేమ్మా," అన్నాడు నాయన. ఎంత నమ్మకంగా అన్నాడో.

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. "నువ్వన్నా రానని సెప్పక్కా."

"నిజంగానే వచ్చేస్తే? మీరంతా పోయి నేనీడ ఒక్కదాన్నే మిగిలిపోతే?" అంది. నేను అక్క బట్టలు మూటగట్టాను.

పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు పొగలో అక్క దారంతా దగ్గుతూనే వచ్చింది. ఇంట్లో అందరితో పాటు తానూ ఉపవాసం ఉంటానంది. నేను చాటుగా గంజి పట్టుకెళ్తే, "రాకడ ముందర నన్ను పడగొడతావా?" అని మొహం తిప్పుకుంది. కోతలు వచ్చాయి. తెల్లబట్టలు విప్పి పేటలో వాళ్లు ఒక్కొక్కరే కొడవళ్లు పట్టుకుని వెళ్లారు. మా నాయన కదల్లేదు. ఒక పొద్దున ప్రార్థనలో అక్క పాట మధ్యలో ఆపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగంతా ఎర్రగా తడిసిపోయింది.

నాయన అక్కను ఎత్తుకుని బస్సెక్కాడు. వెనకే అమ్మా, నేనూ.

నర్సమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మందిచ్చి, వరండాలో చాప వేయించింది.

"మంచం ఎప్పుడు ఖాళీ అవుతాదమ్మా?" అని నాయన అడిగాడు.

"లోపల ఎవురికన్నా బాగైపోవాల. లేకపోతే..." అని ఆగిపోయి, అక్క కాళ్ల మీద దుప్పటి సర్ది వెళ్లిపోయింది.

నాయన మోకరించాడు. మొదలుపెడితే గంటల తరబడి ప్రార్థించే మనిషి. "ప్రభువా, నా బిడ్డకు ఒక మంచం..." అని అక్కడే ఆగాడు. కిటికీ అవతల మంచం మీద నా ఈడు పిల్ల దగ్గుతోంది. వాళ్లమ్మ వీపు నిమురుతోంది.

"ఏమడగతాండావు నాయనా?" అంది అక్క కళ్లు తెరవకుండానే.

 నాయన మోకాళ్ల మీద నుంచి లేవలేదు. నేను అక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లోపల ఎవరిదైనా దగ్గు కాసేపు వినిపించకపోతే చాలు, వద్దు వద్దనుకుంటూనే నా తల ఆ మంచాల వైపు తిరిగేది.