ఆ పిల్ల ఇంటికొచ్చిందా

నేను చదివింది ఐదో తరగతి. అయినా అమ్మగారింట్లో ఉన్నప్పుడు వారపత్రికలో ఒక సీరియల్ వారం తప్పకుండా చదివాను. తండ్రితో పోట్లాడి ఒక పిల్ల ఇల్లు విడిచి రైలెక్కుతుంది. ఇంకో రెండు వారాల్లో కథ అయిపోతుందనగా నా పెళ్లయింది, జగిత్యాల వచ్చేశాను. ఇక్కడ ఆ పత్రిక వేయించుకునేవాళ్లు లేరు. ఆ పిల్ల తిరిగి ఇంటికొచ్చిందో లేదో నాకు తెలియలేదు. పక్కింటి ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుడుతూ ఆ కథను ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పేదాన్ని. చివరికొచ్చేసరికి ఆగిపోయేదాన్ని. "తెల్వనిదానివి ఎందుకు మొదలువెట్టినవే?" అని తిట్టేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు.

మా ఆయనకు పుస్తకాల పిచ్చి. నెలకో ఆదివారం కోరుట్ల నుంచి బైండింగు చేసే భాయి, సిరిసిల్ల నుంచి బడి సారు మా ఇంటికి వచ్చేవాళ్లు. ఏ పుస్తకం మొదటి ముద్రణకు అట్ట ఏ రంగు, ఏ రచయిత ముందుమాటలో ఎవరిని తిట్టి మలి ముద్రణలో ఆ మాట తీసేశాడు, పొద్దంతా ఇదే ముచ్చట. లోపల కథ ఏమిటని ఒక్కరూ అడగరు. ఒకసారి చాయ్ ఇస్తూ నా సీరియల్ పేరు చెప్పాను. ముగ్గురి మొహాలూ వెలిగాయి.

"గది పుస్తకమైంది వదినె. నా దగ్గరున్నది," అన్నాడు సారు.

"మరి గా పిల్ల ఆఖరుకు..."

"అట్ట మీద బొమ్మ తల్లకిందులు పడ్డది గదే గదా?" అన్నాడు మా ఆయన.

"తల్లకిందులు కాదు భయ్. బొమ్మనే వేరే పుస్తకానిది," అన్నాడు భాయి.

ఆ వాదన అన్నాలు తినేదాకా నడిచింది. నా పిల్ల సంగతి ఎవరికీ పట్టలేదు. లేచేటప్పుడు మాత్రం, మళ్లీ వచ్చినప్పుడు పుస్తకం తెస్తానని సారు మాటిచ్చాడు.

మరుసటి నెలకు తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు కదల్లేదు. సమ్మెను నేను తప్పు పట్టను, చౌరస్తాలో వంటావార్పు పెడితే గంటె పట్టుకుని పోయినదాన్నే. కానీ పుస్తకం సిరిసిల్లలో, నేను జగిత్యాలలో. ఆగలేక సారుకు ఫోన్ చేశాను.

"సారూ, ఆఖరుకు అచ్చిందా?"

"ఎందుకు అచ్చు కాలే వదినె? మూడుసార్లయింది. నా దగ్గరున్నది రెండోది."

"అచ్చు గాదు సారూ! పిల్ల! పిల్ల ఇంటికి అచ్చిందా?"

"ఎవరి పిల్ల? బస్సులే లేకపాయె, ఎట్లత్తది?"

ఫోన్ పెట్టేశాను.

సమ్మె ముగిశాక మొదటి ఆదివారమే ఇద్దరూ దిగారు. సారు సంచిలోంచి పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. పీట వాల్చుకుని చివరి పేజీలు తీయబోతే రాలేదు. ఆఖరి పదహారు పేజీలు అచ్చాఫీసులో మడిచిన మడతల్లోనే ఉన్నాయి. అంచులకు కోత పడలేదు.

"గదే దాని గొప్ప వదినె," అన్నాడు సారు. "ఇసొంటి కాపీ ఇంకోటి దొరకదు."

"మరి మీరెట్ల చదివిండ్రు సారూ?"

"చదువుడా?" అని మా ఆయన వైపు చూశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మడతను గొట్టంలా ఉబ్బించి ఒక కన్ను మూసి లోపలికి చూశాను. 'స్టేషన్లో దిగి' అన్నంత వరకు కనబడింది. ఆ తర్వాత కాగితం వంపులోకి పోయింది.

"చెల్లే, ఇటియ్యి. సాఫ్‌గ కోసిస్త," అన్నాడు భాయి.

"కోస్తే నీకూ నాకూ దోస్తీ కట్," అన్నాడు సారు.

కోస్తే పుస్తకం విలువ ఉంటుందా పోతుందా అని ముగ్గురూ మొదలుపెట్టారు. నేను వంటింట్లోకి పోయి కూరగాయల కత్తి తెచ్చి మడతలన్నీ కోసేశాను.

"ఏందే గది!" అన్నాడు మా ఆయన.

నిలబడే చదివాను, పైకి. ఆ పిల్ల వచ్చింది. చీకటి పడకముందే వచ్చింది. తండ్రి తలుపు తీసి, ఒక్క మాటా అనకుండా పక్కకు జరిగి దారిచ్చాడు. అంతే.

సారు నిక్కి నిక్కి పేజీలోకి చూశాడు. "తండ్రి ఏమనలేదా వదినె? ఇంతకూ ఎందుకు పోట్లాడుకున్నరు? మొదటికెల్లి చెప్పు."

"పుస్తకం మీదే గదా సారూ," అన్నాను. "చదువుకోండ్రి."