జీపుకు మెడ

డీజిల్ పొగ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నారాయణఖేడ్‌లో మా నాన్న జీపు నడిపేవాడు. అది పెట్రోలు తెగ తాగుతోందని, ఒక పాత ట్రాక్టరు డీజిల్ ఇంజను తెచ్చి దానికి వేయించాడు. మా వాకిట్లో మేస్త్రీ ఆ ఇంజనును గొలుసులతో జీపులోకి దింపుతుంటే, జొన్నలు చెరుగుతున్న అమ్మ చేట ఆపింది.

"ముందట గింత బరువైతే ఎట్ల? బండ్లె మూటలన్నీ ముందటికే ఏస్తే ఎడ్ల మెడలు వంగవా?"

"గిది ఎడ్లబండి గాదక్కా!" అని మేస్త్రీ పడీ పడీ నవ్వాడు.

"నీకేం తెల్సు, లోపటికి పో" అన్నాడు నాన్న.

"జీపుకు మెడ ఏడుంటదే అమ్మా?" అని నేనూ నవ్వాను. చేతిలో పానా ఉన్నవాళ్లకే బండ్ల సంగతి తెలుస్తుందని అప్పట్లో నా నమ్మకం.

మర్నాడు నాగల్‌గిద్ద దారిలో మొదటి గుంతకే జీపు మూతి నేలకు కొట్టుకుంది. మేస్త్రీ ముందువైపు బరువు మోసే స్ప్రింగులకు, అంటే కమాన్లకు, ఒక్కోదానికి రెండేసి ఇనుప పట్టీలు అదనంగా వేసి మూతి లేపాడు.

"బరువైతదని నేను ముందుగాలనే అన్న" అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఎంత అబద్ధం! మేస్త్రీ తలూపాడు కూడా.

అమ్మ చాయ్ పోస్తూ వాళ్లిద్దరి వైపూ చూడలేదు. నా వైపు చూసింది. నేను తలొంచుకుని చాయ్ ఊదుకున్నాను.