గోరు మేస్త్రి దాచిన ఉప్పుకాగితం

రంగులేసే ఆ మనిషిని అందరూ గోరు మేస్త్రి అంటారు. రంగు ఆరాక బొటనవేలి గోటితో గీకి చూడందే ఆయన పని అయిందనడు. గోటికి రంగు ఊడి వచ్చిందా, ఎవరెంత బతిమాలినా పని మళ్లీ మొదటికే.

నలభై ఏళ్లు ఉప్పుకాగితంతో చెక్కలు రుద్ది రుద్ది ఆ దుమ్మంతా గుండెల నిండా నింపుకున్నాడు పాపం. నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు. "ఇంకొక్కసారి ఉప్పుకాగితం పట్టావంటే నీ బ్రష్షులన్నీ పొయ్యిలో పెడతా!" అని ఏడాది కిందట భార్య తేల్చి చెప్పేసింది. అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ఇప్పుడు రుద్దుడు అక్కర్లేని పనులే ఒప్పుకుంటున్నాడు. మైకా షీటు అతికించిన పాత బీరువాలు, బల్లలు. జిడ్డు పోయేలా కడగడం, నున్నటి దాన్ని కూడా పట్టుకునే ప్రైమర్ ఒక పూత, ఆపైన పల్చగా రెండు పూతల రంగు. ఇదీ కుదరకపోతే ఇక ఇంట్లో కూర్చోవడమే. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకు ప్రాణం ఉసూరుమనేది. ఎందుకైనా మంచిదని ఒక ఉప్పుకాగితం సంచి అడుగున దాచాడు. భార్యకు తెలిస్తే అంతే సంగతులు.

ఈసారి పని ఒక మామ్మగారి గదిలో. ఆవిడకు చూపు మందగించింది. గోధుమరంగు గోడ పక్కన గోధుమరంగు బీరువా కనబడక రోజూ మోకాళ్లు కొట్టుకుంటోంది.

"పసుపు రంగెయ్యి నాయనా. అదొక్కటే నా కళ్లకు ఆనుతోంది."

బీరువా తళతళలాడుతోంది కదా అని మేస్త్రి పైపైన ఒకసారి తుడిచి ప్రైమర్ వేశాడు. మర్నాడు గోరు ఆనించాడో లేదో, మీగడలా మడతపడి ఊడొచ్చింది. చెయ్యి దానంతటదే సంచి అడుక్కి వెళ్లింది.

"ఏమైంది నాయనా?" గుమ్మంలోంచి మామ్మగారు.

"పట్టట్లేదమ్మా. ఎందుకో అంతుబట్టట్లేదు."

"అయ్యో! నిన్ను పిలిచిన దగ్గర్నుంచి రోజూ నూనె రాసి తుడుస్తున్నానే! బయటి మనిషి వస్తుంటే బీరువా మురిగ్గా ఉంటే ఎంత నామర్దా!"

మేస్త్రికి నవ్వొచ్చింది, వెంటనే దగ్గొచ్చింది, రెండూ కలిసిపోయాయి. "ఎంత పని చేశారమ్మా! నూనె మీద ఏ రంగూ పట్టదు. ఆ తళతళ చూసి నేనూ మోసపోయాను."

ప్రైమరంతా ఊడగొట్టాడు. స్పిరిట్ అద్దిన గుడ్డ తెల్లగా తేలేదాకా తుడుస్తూనే ఉన్నాడు. మళ్లీ ప్రైమర్, ఆపైన పసుపు. మామ్మగారిని మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

నాలుగోనాడు రంగు గట్టిపడింది. గీకడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

"మీరే చూడండమ్మా."

ఆవిడ మొహమాటం లేకుండా గట్టిగా గీకింది. "నా గోరే అరిగింది గానీ దీనికేం కాలేదు," అంది.

తలుపు తెరిస్తే బీరువా ఊగింది. ఒక కాలు పొట్టి. మేస్త్రి సంచిలోంచి ఉప్పుకాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి ఆ కాలి కిందకు తోశాడు.

సాయంత్రం ఇంటి గుమ్మంలో భార్య ఎప్పటిలాగే ఆయన చొక్కా దులిపి చూసింది, ఈసారి సంచి కూడా అడుగుదాకా సోదా చేసింది. దుమ్మూ రాలలేదు, ఉప్పుకాగితమూ దొరకలేదు.

"రేపెక్కడ పని?" అని అడిగింది. ఆ మాట ఆవిడ నోటివెంట విని ఏడాదైంది.