పసుపు పూసిన పెట్టె

పెందుర్తి దారిలో మాకు చిన్న ఫౌండ్రీ ఉంది. పంపులకు ఇనప భాగాలు పోత పోస్తాం. కొనేది ఒకే ఒక్క పెద్ద కంపెనీ. బొగ్గు కొలిమి తీసేసి కరెంటు కొలిమి పెట్టమన్నారు. దుమ్మును కొలిచే పెట్టె బిగించమన్నారు. ఆ లెక్కా, పనివాళ్ల వేలిముద్రల హాజరూ నేరుగా తమ కంప్యూటర్‌కు చేరాలన్నారు. పొగ తగ్గితే మంచిదే, ఇన్నేళ్లూ మింగి దగ్గింది మేమే కదా. అన్నీ చేశాను. ఆ ఆర్డర్ పోతే తొమ్మిది కుటుంబాలు రోడ్డున పడతాయి.

కొలిమి మేస్త్రీ నాకు వరసకు బావ. మా నాన్న రోజుల్లో ఆనందపురం అవతల సేద్యం వదిలి వచ్చాడు. కరిగిన ఇనుము రంగు చూసి వేడి చెప్పేస్తాడు. నాకు పని నేర్పింది ఆయనే. కొత్త పెట్టెను మాత్రం కొత్త కోడలిలా చూసుకునేవాడు, ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.

దసరాకి ఆయుధపూజ చేశాం. కొలిమికీ సుత్తులకూ పసుపు రాసి బొట్టు పెట్టడం మాకు ఎప్పుడూ ఉన్నదే. బావ ఆ పెట్టెకు అన్నిటికంటే ముందు, అన్నిటికంటే దట్టంగా పూశాడు. గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలు మూసుకుపోయాయి. హారతి పళ్లెం పట్టుకుని పక్కనే ఉన్న నేను చూసి ముచ్చటపడ్డాను. తప్పు ఆయనొక్కడిదే అని ఎలా అనగలను?

తర్వాత వారమంతా కొలిమి నడుస్తూనే ఉంది, పెట్టె మాత్రం దుమ్ము సున్నా అని పంపుతూనే ఉంది. ఫౌండ్రీలో సున్నా ఎక్కడైనా ఉంటుందా? లెక్కలు తారుమారు చేశారు, ఆర్డర్ ఆపేశాం, సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వండి అని మెయిల్ వచ్చింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా రికార్డు చేసిన గొంతే. పసుపు గురించి ఎవరికి చెప్పుకోవాలి? మెయిల్‌తో వచ్చిన ఫారంలో రాయడానికి చోటే లేదు. కరెంటు పోయిందా, నెట్ పోయిందా, పనివాడెవరైనా కావాలని చేశాడా, ఈ మూడిట్లో ఒకటి నొక్కాలి. మొదటి రెండూ అబద్ధమని వాళ్ల కంప్యూటర్‌కు తెలుసు. మూడోది నొక్కితే పనివాడి నంబరు అడిగింది. బావది కొట్టాక ఇంకో ప్రశ్న వచ్చింది: అతన్ని పనిలోంచి తీసేశారా?

బయట బావ బ్లేడుతో పసుపు గీకుతూ కిటికీలోంచి అడిగాడు.

"ఏటి రాస్తన్నావ్ బావా?"

"పూజలో పసుపు అంటుకుందని రాస్తన్నాను."

"అదే రాయి. నాను తెలీక సేసినానని కూడా రాయి. ఆళ్లూ మనుసులే కదా."

సరే అన్నాను. అవును అన్న చోట నొక్కాను.

తెల్లారేసరికి ఆర్డర్ తిరిగొచ్చింది. ఎనిమిదింటికి బావ వచ్చి హాజరు మిషన్ మీద వేలు పెట్టాడు. తీసుకోలేదు. మసి అంటిందనుకున్నాడేమో, వేలు చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.