మంచు జోళ్లతో మాంగో బస్సులో

టీ చల్లారితే చల్లారింది, ముందిది వినండి! రెండు కాళ్లూ బాగానే ఉన్న మనిషిని, కాళ్లు విరిగినోడిలాగ ఇద్దరు రెక్కలు పట్టుకుని బస్సు ఎక్కించడం మీరెప్పుడైనా చూసేరా? మొన్న చలికాలం మా టాటానగర్‌లో, మాంగో పేటలో చూసినోళ్లు చాలామందే ఉన్నారు. ఆ మనిషిని నేనే మరి!

గమ్హరియాలో మా ఫ్యాక్టరీకి ఒక స్పోర్ట్స్ క్లబ్ ఉంది కదా. దాని సెక్రటరీ బాబుకి ఉన్నట్టుండి ఒక ఐడియా వచ్చింది. ఫుట్‌బాలూ వాలీబాలూ ఎన్నాళ్లు, ఈసారి స్కీయింగ్ అన్నాడు! మనాలి పైన మంచుకొండల్లో కోర్సు ఉందంట, మన ఫ్యాక్టరీ నుంచి ఒక జట్టు ఎళ్లాలంట. స్కీయింగ్ అంటే ఏటో మాలో ఒక్కడికీ తెలీదు. కాళ్లకి రెండు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం అని ఆయనే చెప్పేడు.

"జారడానికి అంత దూరం ఎందుకు సార్? మా మిషన్ల షెడ్డులో నూనె పడిన చోట రోజూ జారుతూనే ఉన్నాం" అన్నాడు వెనకనుంచి ఎవడో.

అందరూ నవ్వేరు. నేను మాత్రం చెయ్యెత్తీసేను. స్పోర్ట్స్ డే నాడు పరుగులో నేనే ఫస్ట్ వచ్చేను లెండి, ఆ వేడి ఇంకా దిగలేదు. పేరు రాసీసుకున్నారు.

ఇంక బూట్ల సంగతి. "పలకలు అక్కడ ఇత్తారు. బూట్లూ ఇత్తారు గానీ, ఆఖర్న ఎళ్తే మిగిలిన సైజు మన మొహాన్న కొడతారు. సొంతానికి ఒక జత ఉంటే నయం" అన్నాడు సెక్రటరీ బాబు. బిష్టుపూర్‌లో ఒక సర్దార్జీ స్పోర్ట్స్ షాపుంది. కలకత్తా నుంచి వచ్చిన ఫారిన్ సరుకులో రెండు జతల స్కీ బూట్లు ఆయన దగ్గర పడ్డాయంట. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. క్లబ్బు తరఫున నాకు ఒకటి కొందామని నన్ను తీసుకెళ్లేడు.

బూటంటే మీరు మన సేఫ్టీ షూ అనుకునేరు. కాదు! మోకాలికి కాస్త కిందదాకా వత్తాది. హెల్మెట్ ఉంటాది చూడండి, అలాటి గట్టి ప్లాస్టిక్కు. ముందు వైపు వరసగా ఇనప క్లిప్పులు. ఒక్కోటి ఎత్తితే చిన్నపిల్లంత బరువు.

సర్దార్జీ స్టూలు జరిపి, "బైఠియే జీ, పెహన్ కే దేఖియే" అన్నాడు. కూకుని తొడుక్కుని చూడమని.

కూకోబోయేను. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నా మేజోడికి బొటనవేలు దగ్గర బెజ్జం! చిన్న బెజ్జమా? వేలు మొత్తం బయటికొచ్చి నమస్తే పెడతాది. పక్కన సెక్రటరీ బాబు. అంత పెద్దమనిషి ముందర బూటెలా విప్పుతాను చెప్పండి!

"అక్కర్లేదు జీ, నా సైజు నాకు తెలుసు" అనీసేను. నా కాలి బూటు పక్కన ఎర్రది పెట్టి, ఇంజనీరులాగ ఒక కన్ను మూసి చూసేను. ఎర్రది పెద్దదే. పెద్దదైతే మరీ మంచిది కదా! మా అమ్మ చిన్నప్పుడు ఏ బూటు కొన్నా, కాలు పెరుగుతాదిరా అని ఒక సైజు పెద్దదే కొనేది. ముప్పై దాటిన కాలు ఇంకేటి పెరుగుతాదో ఆ క్షణాన నాకు తట్టలేదు.

"పక్కా?" అన్నాడు సర్దార్జీ.

"పక్కా!" అన్నాను.

ఇంటికి తెచ్చేను. మా అమ్మా, మా సత్యవతీ మంచం మీద కూకుని సినిమా చూత్తన్నట్టు చూత్తన్నారు. సత్యవతి అంటే నా భార్య. మా మావయ్య కూతురే. పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినప్పుడు హిందీలో 'పానీ' తప్ప ఇంకో ముక్క రాదు. ఏడాది తిరిగేసరికి మాంగో బజార్లో కూరగాయలోళ్లు ఈవిడ వత్తందంటే పుచ్చు వంకాయలు లోపల దాచీసేవారు. అలాటి మనిషి!

బూట్లో కాలు పెట్టేను. పెడితే ఏటుంది? లోపల కాలు ఈత కొడతంది! మేజోళ్ల మీద మేజోళ్లు ఏసేను. మడమ ఇంకా పైకి లేచిపోతంది. సరే అని క్లిప్పులు ఒక్కోటీ ఆఖరి పన్ను దాకా లాగి, బలంకొద్దీ నొక్కీసేను. టక్! టక్! లేచి నిలబడ్డాను. రాజులా ఉంది. గదిలో అటూ ఇటూ నడిచేను. మా అమ్మ చెవులు మూసుకుంది.

ఇంక చాలని విప్పబోతే క్లిప్పు రాదు! అరికాలు దగ్గర అంత వదులు, పిక్క దగ్గర మాత్రం ఉడుం పట్టు! కాలు కిందికీ రాదు, పైకీ రాదు. నేనేమో ఫిట్టర్ని! పొద్దున్న లేచి తుప్పు పట్టిన బోల్టులు విప్పడమే నా ఉద్యోగం! స్క్రూడ్రైవర్ తెమ్మన్నాను, ప్లయర్ తెమ్మన్నాను, సుత్తి కూడా తెమ్మన్నాను.

సత్యవతి సుత్తి లాగీసుకుంది. "బావా, దీని మీద ఒక్క గీత పడితే ఆ సర్దార్జీ మళ్లీ తీసుకుంటాడా? ఎలాగూ సైజు కాదు. బేగి ఎళ్లి మార్చుకొద్దాం, నడు."

"వీటితో ఎలా ఎళ్తానే?"

"కాళ్లకే ఉన్నాయి కదా, మొయ్యక్కర్లేదు."

ఏటంటాను చెప్పండి! ఎల్లుండే టాటానగర్‌లో బండి. ఈ సంగతి సెక్రటరీ బాబు చెవిన పడితే, నా బదులు వెయిటింగ్‌లో ఉన్నోడు ఎక్కిపోతాడు. పేంటు కిందికి లాక్కుని, సత్యవతి భుజం పట్టుకుని బయల్దేరేను. స్కీ బూటు ఏసుకుంటే చీలమండ వంగదు. నిలువుగా పాతిన స్తంభం నడిస్తే ఎలాగుంటాదో అలాగ నడవాలి.

బస్సొచ్చింది. నన్ను చూసి కండక్టర్ కిందికి దూకేడు. "అరే భాయ్, పలస్తర్ వాలే కో జగహ్ దో!" అని అరిచేడు. కాళ్లకి సిమెంటు కట్టు ఉన్నోడికి చోటియ్యండని! ఇద్దరు కుర్రాళ్లు నా రెక్కలు పట్టుకుని ఎక్కించీసేరు. సీటిచ్చేరు. ఒకావిడ తన కొంగుతో విసురుతంది. పక్కనున్న తాత మన తెలుగాయనే, రైల్వేలో చేసి రిటైరయ్యేడంట.

"ఎక్కడ తగిలింది నాయనా? రెండు కాళ్లూనా?" అన్నాడు.

"ఫ్యాక్టరీలో... అదే... క్రేను దగ్గర" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. అంత జాలిగా చూత్తంటే ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదనిపించింది.

"అయ్యయ్యో! చిన్న వయసు!" అని తాత కళ్లు తుడుచుకున్నాడు. అడ్రసు ఇమ్మన్నాడు, ఏదో తైలం తెచ్చి ఇత్తానన్నాడు.

సత్యవతి ఇంక ఉండలేకపోయింది. "దెబ్బా లేదు, తైలమూ వద్దు తాతా! ఇవి మంచులో జారే జోళ్లు. ఏసుకున్నాడు, ఊడటం లేదు. కొన్న షాపుకే తీసుకెళ్తన్నాను" అని, అదే మళ్లీ హిందీలో బస్సందరికీ వినపడేలా చెప్పీసింది!

అందరూ వంగి వంగి నా కాళ్లకేసి చూసేరు. తర్వాత బస్సు బస్సంతా ఒకటే నవ్వు! అందరికన్నా గట్టిగా నవ్వింది తాతే. సాక్చి దాటేక కూడా నవ్వుతూనే ఉన్నాడు. సీటిచ్చిన కుర్రాడు మాత్రం తన సీటు తను మళ్లీ తీసీసుకున్నాడు.

బిష్టుపూర్ షాపులో అడుగు పెట్టగానే సర్దార్జీ నా కాళ్లకేసి చూసేడు. తర్వాత గోడ మీద బోర్డుకేసి వేలు చూపించేడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని హిందీలో ఇంతింత అక్షరాలు. నేను సత్యవతి వెనక్కి జరిగేను.

సత్యవతి ముందుకొచ్చింది. "మాల్ వాపస్ మత్ లీజియే సర్దార్జీ. మేరా ఆద్మీ వాపస్ కర్ దీజియే!"

సరుకు తీసుకోవద్దు, నా మొగుణ్ని వాపసు ఇచ్చీండి అంది! సర్దార్జీ ఆ మాటకి గల్లా పెట్టె మీద తలానించి నవ్వేడు. నవ్వి నవ్వి, వచ్చి నా ముందర నేలమీద కూకుని క్లిప్పు పట్టుకుని లాగేడు. రాలేదు. షాపులో గుమాస్తా లాగేడు. రాలేదు. సత్యవతి కాసేపు చూసి, "మోకాలు ముందుకి వంచు బావా" అని, తల్లోంచి పిన్ను తీసి క్లిప్పు సందులో పెట్టి చిన్నగా పైకి లేపింది. టప్! ఊడొచ్చీసింది! ఫిట్టర్ని నేను, పిన్నుతో తీసింది తను!

కాలు బయటికొచ్చింది. ఒక మేజోడు తీసేడు సర్దార్జీ, ఇంకోటి తీసేడు, ఆఖరిది చూసేడు. అందులోంచి నా బొటనవేలు.

"అచ్ఛా!" అన్నాడు మెల్లగా. "ఇసీలియే ఆప్‌నే ట్రై నహీ కియా!" అందుకేనా తొడిగి చూడలేదు అని.

మనిషి మంచోడు. ఇంకెక్కడా ఆ మాట ఎత్తలేదు. నీలం జత తెప్పించేడు. ఎలా చూడాలో చెప్పేడు. నిటారుగా నిలబడితే వేళ్ల చివర్లు బూటుకి కొంచెం తగలాలంట, మోకాళ్లు వంచితే వేళ్లు వెనక్కి జరగాలంట, మడమ మాత్రం ఎత్తినా లేవకూడదంట. మేజోడు ఒక్కటే, మందంగా. నేను వేళ్లన్నీ ముడిచీసి ఎలాగో దూర్చేను. "ఫిట్! ఫిట్!" అన్నాను.

"మొహం చూడండి సర్దార్జీ" అన్నాది సత్యవతి. "ఈ మొహం ఫిట్ అయినోడిదేనా?"

విప్పించేరు. అందులో అంత బిగువేటో చూద్దామని తను కాలు పెట్టింది. నిలబడింది. మోకాళ్లు వంచింది. మడమ లేవలేదు. షాపు ఆ చివర్నుంచి ఈ చివరికి టకటకా నడిచొచ్చింది. నేను స్తంభంలా నడిచిన వాటితో, తను హవాయి చెప్పులేసుకున్నట్టు నడిచింది!

సర్దార్జీ చూత్తా ఉండిపోయేడు. "బేటీ, సెక్రటరీ సాబ్ నాతో అన్నాడు, ఆడోళ్లకని రెండు సీట్లు ఉంచేడంట. ఒక స్కూలు టీచరమ్మ పేరిచ్చింది. తోడు లేక ఆవిడా మానేత్తానంటంది. టికెట్ తీసి ఉంది. ఎళ్తావా?" అని హిందీలో అడిగేడు.

నేను నవ్వీసేను. నవ్వింది నేనొక్కణ్నే.

"ఎళ్తాను" అన్నాది.

అంతే! షాపు ఫోన్‌లోనే సెక్రటరీ బాబుతో మాటాడీసేడు. ఎర్రవి లోపలికి, నీలంవి బయటికి. "వాపస్ నహీ, బదలీ హై" అని బోర్డుకేసి చూసి కన్ను గీటేడు. ఇంటికెళ్లి మా అమ్మకి భయపడుతూ చెప్పేను. మా అమ్మ గోలెట్టీత్తాదనుకున్నాను.

"ఎళ్లనీరా. నువ్వు పడితే లేపడానికి ఒకలుండాలి కదా" అన్నాది.

మనాలి చేరేం. అక్కడ బూట్లిచ్చే గదిలో ఈసారి నేను సిగ్గు పడలేదు. కొత్త మేజోళ్లు! ఒక్కో బూట్ల జతా ఏసుకుని, నిలబడి, వంగి, మడమ ఎత్తి చూసుకున్నాను. వెనక లైను మొత్తం తిడతంది. తిట్టనీ! కాలికి అచ్చుగుద్దినట్టు కుదిరిన జత దొరికేదాకా కదల్లేదు. ఇంక బూటు మీదకి నెపం నెట్టడానికి లేకుండా పోయింది, అదే నా ఖర్మ!

మొదటిరోజు అందరం పడ్డాం. సత్యవతీ పడింది. పడి, మంచు దులుపుకుని, నవ్వుకుని లేచింది. మళ్లీ పడింది, మళ్లీ లేచింది. చేతులు కమిలిపోయినా ఆగలేదు. రాత్రి టీచరమ్మ కాళ్లు తను పట్టింది, తన కాళ్లు టీచరమ్మ పట్టింది. నేను మాత్రం పడిన చోటే కూకుని పక్కోడికి థియరీ చెప్పేవోణ్ని.

ఆఖరి రోజు పై కొండ నుంచి దిగమన్నారు. కిందనుంచి చూత్తన్నాను. సత్యవతి పైన చిన్న చుక్కలాగ ఉంది. చీర మీద కాదు లెండి, క్లబ్బు ఇచ్చిన పేంటూ కోటూ. ముందుకి వంగింది. వచ్చింది! ఇటు తిరిగి, అటు తిరిగి, మంచు మీద ముగ్గేసినట్టు రెండు గీతలు గీసుకుంటా, ఎక్కడా తొట్రుపడకుండా వచ్చి, సర్రుమని అడ్డంగా తిప్పి నా ముందర ఆగింది. ముక్కు ఎర్రగా అయిపోయింది. కళ్లు మెరిసిపోతన్నాయి. నా కళ్లలో నీళ్లు తిరిగేయి, నిజం! చలి వల్ల అని చెప్పేను.

"నీ వంతు బావా" అన్నాది.

నా వంతూ వచ్చింది. బయల్దేరడం బాగానే బయల్దేరేను. సగంలో ఎలా తిరిగిపోయేనో తెలీదు, వెనక్కి చూత్తా దిగుతన్నాను! ఇన్‌స్ట్రక్టర్ "బ్రేక్! బ్రేక్!" అని అరుత్తన్నాడు. బ్రేకు ఎక్కడుందో ఆలోచించేలోగా కొండ అయిపోయింది. కింద టీ అమ్మే డేరా ఉంది. వీపుతోనే అందులోకి ఎళ్లి, బెంచీ మీద కూకుండిపోయేను. టీ ఆయన కెటిల్ వంచి టీ పోసేడు. గ్లాసు నా చేతిలో పెట్టేడు. రోజూ ఇలాటోళ్లు నలుగురొత్తారేమో!

తిరిగొచ్చేం. సెక్రటరీ బాబు నోటీసు బోర్డు మీద సత్యవతి ఫోటో పెట్టించేడు. నిన్న పొద్దున్న డ్యూటీకి ఎళ్తంటే మెయిన్ గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ హవల్దార్ నన్నాపేడు. నా పాస్ తిప్పి తిప్పి చూసేడు. బోర్డుకేసి చూసేడు, మళ్లీ నాకేసి చూసేడు.

"ఆప్... బర్ఫ్ వాలీ మేడమ్ కే పతి హై?" అన్నాడు. ఆ మంచు మేడమ్ మొగుడు మీరేనా అని.

"హా జీ" అన్నాను.

మడమలు చప్పుడు చేసి, నిటారుగా నిలబడి, ఫెడీమని ఒక సెల్యూట్ కొట్టేడు! ఇన్నేళ్లుగా ఆ గేట్లోంచి ఎళ్తన్నాను, ఒక్కడు కూడా కనీసం తలూపలేదు. ఆ సెల్యూట్ నాది కాదని నాకు తెలుసు. అయినా నేనేటి తక్కువ తిన్నానా? ఛాతీ విరుచుకుని, టిఫిన్ డబ్బా ఎడం చేతిలోకి మార్చి, తిరిగి నేనూ ఒక సెల్యూట్ కొట్టీసేను!